ఇరవై అయిదు గళ్ళు

మా ఆయన కళ్ళు పోయిన ఇరవయ్యో రోజున, నేను పనిచేసే బైండింగ్ షాపులో ఒక అట్టముక్క దొంగిలించాను. పెద్ద దొంగతనమేమీ కాదు. రిజిస్టర్లకి అట్టలు కోయగా మిగిలి, చెత్తలోకి పోవాల్సిన ముక్క. అయినా దాన్ని సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని గుమ్మం దాటుతుంటే రెండుసార్లు వెనక్కి చూశాను. ఆ రోజుల్లో ఏం చేసినా నాకు భయమే.

"ఏంటే ఆ సంచిలో?" అంది ఓనరమ్మ. ముప్పయ్యేళ్ళుగా కత్తిరింపు మిషను ముందు కూర్చుని, కాగితం అంచు ఎంత వంకరుందో చూపుతోనే కొలిచే మనిషి. అలాంటావిడ దగ్గర దాచబోవడం నా తెలివితక్కువ.

తీసి చూపించాను.

"దీనికి దొంగతనం దేనికే? అడిగితే కొడతానా?"

"చదరంగం బల్ల చేద్దామని. మా ఆయనకి."

ఆవిడ లోపలికి వెళ్ళి పుస్తకాల అట్టలకి అంటించే నల్ల కాలికో గుడ్డ మూరెడు, ఒక చిన్న డబ్బాలో జిగురు తెచ్చి నా సంచిలో కుక్కింది. "చదరంగానికి ఎనిమిదేసి గళ్ళు కావాలి కదా? ఇందులో ఐదుకి మించి పట్టవు," అంది.

"ఐదు చాల్లెండి," అన్నాను. నాకప్పటికి చదరంగంలో ఓనమాలు రావు. గళ్ళు తగ్గితే కష్టం కూడా తగ్గుతుందనుకున్నాను.

మా ఆయన లారీల బ్యాటరీలు బాగుచేసేవాడు. ఎండాకాలం చివర్లో ఒక బ్యాటరీ ముఖం ముందే పేలి, రెండు కళ్ళలోనూ యాసిడ్ పడింది. పదిరోజులు ఆస్పత్రిలో ఉంచుకుని, పట్టీలు కట్టి ఇంటికి పంపించారు. కంటి పై పొర కాలిపోయింది, వానాకాలమంతా మందులు వేయండి, పుండు మానాక పరీక్ష చేస్తాం, లోపల బాగుంటే వేరే పొర అతికించవచ్చు, చూపు రావచ్చు అన్నాడు డాక్టరు. ఆ రావచ్చు అన్న మాటని నేను వస్తుందని విన్నాను. మా మామయ్య రాదని విన్నారు. మా ఆయన ఏం విన్నాడో ఇంటికొచ్చిన మూడో రోజు చెప్పాడు.

"వానలు తగ్గాక పరీక్షలో రాదని తేలిందనుకో, నేను ఇలా బతికుండను. ముందే చెప్తున్నా. తర్వాత ఏడవకు."

కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అలా మామూలుగా అనేసరికి చేతిలో ఉన్న మందు సీసాకి మూత బిగిస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత ఒకరోజు పని నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. మామయ్య ముందుగదిలో కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు లేవు, వీధిలో లేడు. పైకి పరిగెత్తాను. డాబా మీద, వానలో, పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గాలి కోసం వచ్చాను," అన్నాడు. కళ్ళు లేని మనిషి గాలి కోసం మూడు అంతస్తుల మెట్లు తడుముకుంటూ ఎక్కాడట! చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాను. దారిపొడవునా ఒక్క మాట కూడా అడగలేదు, అడిగితే నిజం చెప్తాడేమోనని.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం వేళ నేను తినడం మానేసి ఇంటికి పరిగెత్తుకొచ్చేదాన్ని. మెట్ల పక్కనున్న కిటికీలోంచి చూసేదాన్ని. రెండు తలలూ కనిపిస్తే మళ్ళీ షాపుకి పరిగెత్తేదాన్ని. వెనకగదిలో ఒకరు, ముందుగదిలో ఒకరు, తండ్రీకొడుకులు గడియారం చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళు. మామయ్యకి ఓదార్చడం రాదు. ఆయనకి వచ్చిందల్లా చదరంగం. ఇంట్లో ఉన్న పెద్ద బల్లని నేనే ఒకసారి మా ఆయన ముందు పెట్టి చూశాను. చెయ్యి చాపగానే నాలుగు పావులు పడ్డాయి. ఏరి నిలబెట్టాను. మళ్ళీ పడ్డాయి. మూడోసారి ఆయన బల్ల ఎత్తి గోడకేసి కొట్టాడు. అందుకే ఈ అట్టముక్క.

ఆదివారం కూర్చుని బల్ల చేశాను. నల్ల గళ్ళకి కాలికో గుడ్డ, తెల్ల గళ్ళకి నున్నటి కాగితం. వేలు పెడితే గరుకో నునుపో తెలిసిపోవాలి. ప్రతి గడి మధ్యలో దబ్బనంతో చిల్లు పొడిచి, చెక్కపావుల అడుగున చిన్న మేకులు దిగ్గొట్టాను, చెయ్యి తగిలినా పడకుండా. నల్ల పావుల మెడకి పుస్తకాలు కుట్టే దారం చుట్టాను. వానాకాలంలో జిగురు ఓ పట్టాన ఆరదు. పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టి, గంటకోసారి ఎత్తి చూస్తూ, ఆరి చావవేం అని రెండు రోజులు దాన్ని తిట్టుకున్నాను.

మామయ్య దాన్ని చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇదేంటమ్మాయ్? మిగతా బల్ల ఎలకలు తిన్నాయా?"

"అట్ట అంతే దొరికింది మామయ్యా."

"చదరంగమంటే అరవై నాలుగు గళ్ళు. ఇది పిల్లలాట."

"ఆ అరవై నాలుగూ గోడకి తగిలి ముక్కలయ్యాయి కదా. దీంతో ఆడండి. లేకపోతే మీరిద్దరూ రోజంతా ఏం చేస్తారు? ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చుంటారా?"

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో మామయ్యకి నేను ఎదురు చెప్పిన మొదటి మాట అది. మామయ్య పావులు ఏరడం మొదలుపెట్టారు. చెరో ఏనుగు, గుర్రం, శకటు, మంత్రి, రాజు. వాటి ముందు చెరో ఐదు బంట్లు. పేర్చడం అయ్యాక లెక్కపెట్టి ఆగిపోయారు.

"ఇరవై అయిదు గళ్ళలో ఇరవై నిండిపోయాయే! మధ్యలో ఒక్క వరసే ఖాళీ." బల్ల మీదకి వంగారు. "బంటు మొదట్లో రెండు గళ్ళు దూకడం కుదరదు. రాజు కోటలో దూరడం కుదరదు. మొదటి ఎత్తుకే ఒకడి బంటు ఇంకొకడి నోటి దగ్గరికెళ్ళి నిలబడుతుంది." నా వంక చూశారు. "ఇది పిల్లలాట కాదమ్మాయ్. ఇది ఇరుకు గదిలో కత్తియుద్ధం."

కొడుకుని పిలిచారు. కొడుకు రానన్నాడు.

"భయమా?" అన్నారు మామయ్య.

"నాకేం భయం?" అంటూ గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు మా ఆయన. ఒక్క మాటతో తీసుకొచ్చి కూర్చోబెట్టిన మామయ్యని చూసి, ఆ పూట దణ్ణం పెట్టాలనిపించింది. ఆ దణ్ణం పది నిమిషాలు కూడా నిలవలేదు.

"తడుముకో," అన్నారు మామయ్య. "ఆట మొదలయ్యే దాకా ఎంతసేపైనా తడుముకో. మొదలయ్యాక మాత్రం ముట్టుకున్న పావు కదపాల్సిందే."

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. "అదేంటి మామయ్యా! ముట్టుకోకుండా ఏది ఎక్కడుందో ఆయనకి ఎలా తెలుస్తుంది?"

"గుర్తుపెట్టుకోవాలి."

"చూపున్న వాళ్ళ రూలు చూపు లేని మనిషికి పెడతారా?"

"ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేశాను. నా ముందు ఎనభై అరలు. ఒక్కో అర చూసి వేస్తే పని తెమలదు. ఏది ఎక్కడుందో చేతికి తెలిసుండాలి. వీడికి ఇరవై అయిదు అరలు తెలియవా?" అని, కొడుకు వైపు తిరిగారు. "కింది నుంచి ఒకటో వరస, రెండో వరస. ఎడమ నుంచి ఒకటోది, రెండోది. నా ప్రతి ఎత్తూ పైకి చెప్తాను. నీది నువ్వు చెప్పు."

మొదటి ఆట ఐదు ఎత్తుల్లో అయిపోయింది. మా ఆయన శకటుని వెతుకుతూ మంత్రి తలమీద వేలు పెట్టాడు. "ముట్టుకున్నావు," అన్నారు మామయ్య. మంత్రిని కదపాల్సి వచ్చింది. అది వెళ్ళి బంటు నోట్లో పడింది. రెండో ఆట, మూడో ఆట, అదే వరస. ముట్టుకున్నావు, ముట్టుకున్నావు. వారం గడిచేసరికి ఆ మాట నాకు షాపులో కాగితాలు మడతపెడుతుంటే కూడా చెవిలో వినిపించేది. సొంత కొడుకుని పట్టుకుని ఇలా కాల్చుకుతింటాడా ఈ ముసలాయన అని ఒళ్ళు మండిపోయేది. పైకి అనలేకపోయేదాన్ని. ఎందుకంటే ఓడిపోయిన కోపంలోనైనా సరే, మా ఆయన మర్నాడు వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంటున్నాడు. డాబా మీదకి వెళ్ళడం లేదు.

వానలు ముదిరాయి. మామయ్య పదేళ్ళలో మాట్లాడనన్ని మాటలు ఆ నెలలో మాట్లాడారు, అన్నీ ఆట గురించే. మా ఆయన పెద్ద బల్ల అలవాటుతో ఆడి దెబ్బతినేవాడు. రాజుని వెనక దాచి, ముందు పావుల్ని తీరిగ్గా సర్దుకుందామని చూసేవాడు. సర్దుకునేలోగా కొంప మునిగేది.

"పెద్ద బల్ల మీద తప్పు చేస్తే పది ఎత్తుల దాకా ఎక్కడో ఓ మూల తల దాచుకోవచ్చు," అనేవారు మామయ్య. "ఇక్కడ మూలలు కూడా యుద్ధంలోనే ఉంటాయి. ఊరికే ఒక ఎత్తు వేసి ఎదుటివాడేం చేస్తాడో చూద్దామనుకున్నావా, పోయావు. కొట్టే ముందు ఆఖరిదాకా లెక్కపెట్టు. నువ్వు ఒకటి తీస్తే నేనొకటి తీస్తాను, మళ్ళీ నువ్వు, మళ్ళీ నేను. చివరికి బల్ల మీద ఎవరి పావు మిగులుతుంది? అది తెలియకుండా మొదటి దెబ్బ వెయ్యకు."

ఇంకోరోజు గుర్రం గురించి. "మధ్య గడిలో నిలబెడితే ఎనిమిది చోట్లకి దూకుతుంది. ఇరవై అయిదు గళ్ళలో ఎనిమిది! పెద్ద బల్ల మీద శకటుకి ఇచ్చే మర్యాద ఇక్కడ గుర్రానికివ్వు. శకటుకి ఒకే రంగు గళ్ళు కనిపిస్తాయి. దాని కంట పడకుండా నీ బంట్లని రెండో రంగు మీద నడిపించు. మూడడుగులు వేస్తే చాలు, బంటు మంత్రయిపోతుంది. ఒక్క బంటు కూడా పోతే పోయిందిలే అనుకోకు. నాలుగు పావులు చచ్చాక రాజుని కూడా ముందుకి పంపు. ఇంత ఇరుకులో కూర్చుని తినే రాజు పనికిరాడు."

అంట్లు తోముతూ, మందుచుక్కలు వేస్తూ వినీ వినీ నాకూ ఆట వచ్చేసింది. మా ఆయన ఎక్కడ తప్పు చేయబోతున్నాడో ముందే తెలిసిపోయేది. మాట మాత్రం బయటికి రానిచ్చేదాన్ని కాదు. ఒకసారి చిన్నగా దగ్గితేనే మామయ్య నన్ను షాపుకి తగిలేశారు.

ముప్పై ఆటలు ఓడిపోయాక ఒక సాయంత్రం ఆట మధ్యలో మా ఆయన పావులన్నీ పీకి డబ్బాలో పడేశాడు.

"దీనికి కూడా పనికిరాను నేను," అన్నాడు. "బ్యాటరీలకి పనికిరాను, నీకు పనికిరాను, ఈ అట్టముక్కకి కూడా పనికిరాను. ఎందుకు ఆడిస్తున్నారు నన్ను? నేనేం చేసుకుంటానో అని కాపలాకే కదా?"

"అవును," అన్నాను. ఇంకేం చెప్పను? "కాపలాకే. నాకు భయమేస్తోంది. రోజూ కిటికీలోంచి చూసేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఇంకేమన్నా అడగాలా?"

ఆయన వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఆట లేదు. ఆ మర్నాడూ లేదు. ఆ రెండు రోజులూ నేను పనికి వెళ్ళలేదు, మామయ్య కునుకు తీయలేదు.

మూడో రోజు మందు వేస్తుంటే, "కదలకు," అన్నాను.

"కదలను కానీ, ఒక పని చెయ్యి," అన్నాడు. "మొన్న వదిలేసిన ఆట. నాన్న ఎత్తు వెయ్యాల్సిన దాకా, నేను చెప్పినట్టు పేర్చు. రెండో వరస ఒకటోదాంట్లో నా బంటు. రెండో వరస నాలుగోదాంట్లో నా రాజు. మూడో వరస మూడోదాంట్లో నా గుర్రం..."

మందు సీసా కింద పెట్టి పేర్చుకుంటూ పోయాను. పదమూడు పావులు చెప్పాడు. మామయ్యని పిలిచాను. మామయ్య నిలబడే చూశారు, ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి. తర్వాత కుర్చీ లాక్కున్నారు.

"నా ఎత్తు. నాలుగో వరస రెండోది, శకటు," అన్నారు.

ఆ ఆట ఎవరూ గెలవకుండా ముగిసింది. చివరికి ఇద్దరికీ రాజు, చెరో బంటు మిగిలి, ఎవరి బంటుకీ దారి లేకపోయింది. మా ఆయన నుదురంతా చెమట. ఆట మొత్తంలో ఒక్కసారి కూడా తప్పు పావుని ముట్టుకోలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తర్వాత రెండు వారాలు అలాగే సాగింది. ఎక్కువగా ఓడిపోయేవాడు, అప్పుడప్పుడు సమానంగా తేలేది, గెలిచింది మాత్రం లేదు. కానీ ఓడిపోయాక ఎక్కడ పోయిందో తనే వెనక్కి లెక్కపెట్టి చెప్పేవాడు. మామయ్య ముట్టుకున్నావు అనాల్సిన రోజులు తగ్గాయి. వానలూ తగ్గుముఖం పట్టాయి. నాకు అవి ఆగకుండా ఉంటే బాగుండుననిపించేది.

బుధవారం పరీక్షకి తీసుకెళ్ళాం. ఆయన్ని ఒక గదిలో యంత్రం ముందు కూర్చోబెట్టి, మమ్మల్ని నడవాలోకి పిలిచాడు డాక్టరు. యాసిడ్ లోపలిదాకా దిగిపోయిందని, లోపలి పొర రెండు కళ్ళలోనూ చచ్చిపోయిందని, పైన ఏం అతికించినా లాభం లేదని చెప్పాడు. మంచివాడే, మెల్లిగా చెప్పాడు. నేను గోడకి చేరబడ్డాను.

"మేం చెప్తాం వాడికి," అన్నారు మామయ్య. "మీరు ఇంకో నెల ఆగాలని మాత్రం అనండి."

ఇంటికొచ్చాక ఎవరమూ చెప్పలేదు. ఎలా చెప్తాం? చెప్పిన రోజున ఏమవుతుందో ఆయన ముందే చెప్పి ఉంచాడు కదా. ఆ సాయంత్రం ఆట మామూలుగానే మొదలైంది. మధ్యలో మా ఆయన వేలు గుర్రానికి తగిలింది. తగిలి, పక్కనున్న బంటుని కదిపింది. నేను మామయ్య మాట కోసం చూశాను. మామయ్య కిటికీ వైపు చూస్తున్నారు.

ఆట మా ఆయన గెలిచాడు. మొదటిసారి.

గురువారం గెలిచాడు. శుక్రవారం గెలిచాడు. శుక్రవారం ఆటలో మామయ్య మంత్రిని ఊరికే బంటుకి అప్పజెప్పారు, నాలాంటిది కూడా వెయ్యని ఎత్తు. ఇన్నాళ్ళకి ఈ మనిషిలో తడి కనిపించిందని నేను పొంగిపోయాను. వంటింట్లోకి మంచినీళ్ళకి వస్తే, "మంచి పని చేస్తున్నారు మామయ్యా," అన్నాను.

"నోర్మూసుకోమ్మా," అన్నారు. గ్లాసు గట్టు మీద పెట్టేశారు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.

శనివారం మా ఆయన ఆడనన్నాడు. తలనొప్పి అన్నాడు.

ఆదివారం పొద్దున వాన లేదు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ మీద ఎండ పడుతోంది. మా ఆయన తనంతట తనే వచ్చి కూర్చుని, తనే పావులు పేర్చాడు. తెల్లవి తీసుకున్నాడు. నేను తలుపు పక్కన బట్టలు మడతపెడుతూ చూస్తున్నాను. ఆట సగానికొచ్చింది. ఆయన రాజు మూలలో ఉంది. పక్కనే ఏనుగు నిలబడి, నల్ల మంత్రి కొట్టబోయే బంటుకి కాపలా కాస్తోంది. ఆ ఏనుగుని ఎటు కదిపినా ఆట కట్టు. అంతమాత్రం నాకూ కనిపిస్తోంది.

మా ఆయన చెయ్యి చాపాడు. ఏనుగు తల మీద చూపుడువేలు పెట్టాడు. తగలడం కాదు, పెట్టి ఉంచాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు. తర్వాత వేలు తీసి గుర్రాన్ని పట్టుకుని, "మూడో వరస నాలుగోది," అని జరిపాడు.

మామయ్య ఏమీ అనలేదు.

"నాన్నా, నేను ఏనుగుని ముట్టుకున్నాను."

"నేను చూడలేదురా."

"చూడలేదా?"

"లేదు."

"నాకు జాలిపడే మనిషివి కాదు నువ్వు," అన్నాడు మా ఆయన. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "యాసిడ్ పడ్డ నెలకే నన్ను కూర్చోబెట్టి, ముట్టుకున్నావు, ముట్టుకున్నావు అని నెత్తిన మొట్టావు. అప్పుడు నీకు ఆశ ఉందనుకున్నాను. బుధవారం నుంచి నువ్వు చూడటం మానేశావు. డాక్టరు ఏమన్నాడు?"

నా చేతిలో చొక్కా ఉంది. దాన్ని అలాగే పట్టుకున్నాను. మామయ్య నా వైపు చూశారు, నేనేమన్నా చెప్తానేమోనని. అంత పెద్దాయన ముఖం చిన్నపిల్లాడిదిలా అయిపోయింది.

"రాదన్నాడురా," అన్నారు.

"రెండూనా?"

"రెండూ."

మా ఆయన తల ఊపాడు. రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టి, దాని చుట్టుకొలత చూసుకుంటున్నట్టు ఒకసారి తడిమి, లేచాడు. కుర్చీ వెనక్కి జరిగింది. గోడ పట్టుకోలేదు. నాలుగడుగులు వేసి వీధితలుపు దగ్గర ఆగి, గడియ మీద చెయ్యి వేశాడు. ఆ తలుపు తీస్తే మెట్లే. కిందికి ఎన్ని మెట్లో, పైకి ఎన్ని మెట్లో ఆయనకి తెలుసు. నేను పరిగెత్తాలి. పట్టుకోవాలి. నా కాళ్ళు కదలలేదు. దేవుడా, ఆ క్షణంలో నా కాళ్ళు కదలలేదు, నేనిది ఎవరికీ చెప్పలేదు.

గడియ కిర్రుమంది.

"ముట్టుకున్నావు!"

మామయ్య అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆయన లేవలేదు. కుర్చీలోనే కూర్చుని, బల్లని రెండు చేతులతో పట్టుకుని అరుస్తున్నారు.

"ముట్టుకున్నావు. నేను చూశాను. మూడు సెకన్లు వేలు పెట్టావు. ఆ ఏనుగుని కదపకుండా ఎక్కడికిరా పోతావు? ఆట వదిలేసి లేచిపోవడం నేను నేర్పానా నీకు? వచ్చి కూర్చో. ముట్టుకున్నాక ఆడాల్సిందే!" కళ్ళజోడు తీసేసి, మణికట్టుతో ముఖం తుడుచుకుంటూ, "నీ గుర్రాన్ని వెనక్కి పెట్టాను. ఎత్తు నీదే," అన్నారు.

మా ఆయన వీపు మాకు కనిపిస్తోంది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. ఎదురింటావిడ చూసి, మళ్ళీ కిటికీ వేసుకుంది. కింద ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"ఏనుగుని కదిపితే ఆట కట్టే కదా," అన్నాడు, ఇటు తిరక్కుండానే.

"కట్టే," అన్నారు మామయ్య.

"తెలిసి కూడా కదపమంటావు."

"తెలిసే."

ఆయన తిరిగి వచ్చాడు. కుర్చీ కోసం ఒకసారి తడుముకున్నాడు, నేను జరపబోతే చేత్తోనే వద్దన్నాడు. కూర్చున్నాడు. ఏనుగుని పట్టుకుని పైకి పీకి, "మూడో వరస ఒకటోది," అన్నాడు. మామయ్య ఒక్క క్షణం కూడా ఆగలేదు. మంత్రిని దింపారు. "రెండో వరస రెండోది. కట్టు."

మా ఆయన తన రాజుని పడుకోబెట్టాడు. అప్పుడు ఏడ్చాడు. కళ్ళు పోయాక మొదటిసారి, ఆ అట్టబల్ల మీద తల పెట్టి, పావులు బుగ్గలకి గుచ్చుకుంటున్నా ఎత్తకుండా ఏడ్చాడు. మామయ్య ఆ తలమీద చెయ్యి వేశారు. వేసి తీయలేదు. నేను వెళ్ళి మా ఆయన కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాను, కాలు పట్టుకుని. వదిలితే ఎటు పోతాడో అని ఇంకా భయంగానే ఉంది.

చాలాసేపటికి తల ఎత్తాడు. పడుకోబెట్టిన రాజు కింది మేకు బుగ్గ మీద గీసుకుని సన్నగా రక్తం.

"బుధ, గురు, శుక్ర," అన్నాడు. "ఆ మూడు ఆటలూ నేను గెలవలేదు. ఇంకెప్పుడూ నాతో అలా ఆడకు నాన్నా. నన్ను చచ్చినవాడి కింద లెక్కేస్తే ఊరుకోను."

"ఆడను."

"ఒట్టు?"

"ఒట్టురా."

మామయ్య పావులు ఏరబోయారు. నల్లవాటికి చుట్టిన దారం ఒకటి ఊడిపోతే నేను ముడివేసి ఇచ్చాను. మళ్ళీ పేర్చారు. అటు పది, ఇటు పది. మా ఆయన అన్నింటినీ ఒక్కసారి తడుముకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బంటు ఎత్తు చెప్పాడు. ఓడిపోయాడు. ఇంకొకటి ఆడి అదీ ఓడిపోయాడు. మామయ్య మధ్యలో రెండుసార్లు ముట్టుకున్నావు అన్నారు, ఒకసారి మా ఆయన ముట్టుకోలేదని గొడవపడ్డాడు, నన్ను సాక్ష్యం అడిగారు, ముట్టుకున్నావని నేను నిజమే చెప్పాను. ఎండ గోడ మీద నుంచి దిగి నేల మీదకి వచ్చింది. ఐదో ఆట కూడా పోయాక మా ఆయన వెనక్కి వాలి, "తినడానికి ఏమన్నా ఉందా?" అని అడిగాడు.